బ్రెస్ట్ ఎమ్మారైలో బైరాడ్స్ 3: ఎప్పుడివ్వాలి, ఫాలోఅప్‌లో ఏం మారితే బయాప్సీకి పంపాలి?

పీజీ_రేడియాలజీ అడిగారు:

బైరాడ్స్ అంటే రొమ్ము స్కాన్‌లో క్యాన్సర్ అనుమానాన్ని అంకెతో చెప్పే పద్ధతి: 1 మామూలు, 2 బినైన్ (క్యాన్సర్ కానిది), 3 బహుశా బినైన్, 4 బయాప్సీ చేయాల్సిన అనుమానం. మామోగ్రామ్‌లో, అల్ట్రాసౌండ్‌లో 3 ఎప్పుడివ్వాలో పుస్తకాల్లో తేటగానే ఉంది. బ్రెస్ట్ ఎమ్మారై దగ్గరికొచ్చేసరికి ఎవరిని అడిగితే వారిది ఒక్కో పద్ధతి. చర్చ కోసం ఈ కేసు తీసుకుందాం.

వయసు 41. తల్లికీ పిన్నికీ రొమ్ము క్యాన్సర్ ఉండటంతో స్క్రీనింగ్ ఎమ్మారై చేశారు. జన్యు పరీక్ష ఇంకా కాలేదు. ఇదే మొదటి ఎమ్మారై, పోల్చడానికి పాతది లేదు. మామోగ్రామ్‌లో డెన్స్ బ్రెస్ట్ (గ్రంథి కణజాలం ఎక్కువగా ఉండటం) తప్ప ఇంకేమీ లేదు.

కుడివైపు 7 మి.మీ. ఓవల్ మాస్ (గడ్డ). అంచులు నున్నగా ఉన్నాయి, లోపల ఎన్‌హాన్స్‌మెంట్ (కాంట్రాస్ట్ మందు ఇచ్చాక వెలగడం) అంతటా ఒకేలా ఉంది, టీ2లో (నీరు తెల్లగా కనిపించే ఎమ్మారై బొమ్మ) తెల్లగా ఉంది. కర్వ్ (సమయంతో పాటు ఆ వెలుగు మారే తీరు) మొదట మీడియం, తర్వాత పర్సిస్టెంట్ (పెరుగుతూనే ఉండటం).

ఎడమవైపు పై బయటి భాగంలో 4 మి.మీ. ఫోకస్ (చిన్న చుక్క) ఒకటి. టీ2లో వెలగడం లేదు. బ్యాక్‌గ్రౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్ (చుట్టూ ఉన్న మామూలు కణజాలం వెలగడం) మోడరేట్. స్కాన్ తీసింది నెలసరి 22వ రోజున.

నా సందేహాలు: రెండిటికీ 3 ఇచ్చేయవచ్చా? ఫాలోఅప్‌కి చెప్పే 6, 12, 24 నెలలు ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలి? ఎంత పెరిగితే పెరిగినట్టు? అల్ట్రాసౌండ్‌లో కనిపించకపోతే దాన్ని ఎలా తీసుకోవాలి?

బ్రెస్ట్_ఇమేజింగ్ జవాబు:

మీరు చివర్లో రాసిన 22వ రోజు అన్న మాటను ముందు పట్టుకోవాలి. నెలసరి రెండో సగంలో మామూలు గ్రంథి కణజాలం కూడా కాంట్రాస్ట్‌ను బాగా పీల్చుకుంటుంది. నెలసరి ఇంకా వస్తున్న స్త్రీకి స్క్రీనింగ్ ఎమ్మారై రెండో వారంలో, అంటే సుమారు 7 నుంచి 14వ రోజు మధ్య తీయాలనేది అందుకే. తప్పు రోజున తీసిన స్కాన్‌లో కనిపించే ఫోకస్‌లలో చాలా వాటికి హార్మోన్లే కారణం. అలాంటివాటికి 3 ఇచ్చి రెండేళ్లు తిప్పితే, లేని జబ్బుకు ఫాలోఅప్ చేసినట్టే అవుతుంది.

ఎడమవైపు ఫోకస్‌కి నేనైతే ఆరు నెలల గడువు పెట్టను. రెండు మూడు నెలల్లో, సరైన వారంలో మళ్లీ తీయమంటాను. అది మాయమైతే విషయం అక్కడితో సరి, వార్షిక స్క్రీనింగ్‌కి వెళ్లిపోవచ్చు. బ్యాక్‌గ్రౌండ్ తగ్గి ఇదొక్కటే నిలబడితే మాత్రం జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే టీ2లో వెలగని ఫోకస్ అది. ఫోకస్ అంటే 5 మి.మీ. లోపు చుక్క. దాని ఆకారం గానీ అంచులు గానీ చూసి చెప్పేంత పరిమాణం ఉండదు. కాబట్టి టీ2లో తెల్లగా ఉందా, మధ్యలో కొవ్వు హైలం (లింఫ్ నోడ్‌లో ఉండే కొవ్వు భాగం) ఉందా, కర్వ్ పర్సిస్టెంటా, పాత స్కాన్‌లోనూ ఉందా అన్న నాలుగింటి మీదే ఆధారపడాలి. మీ కేసులో మొదటిది వ్యతిరేకంగా ఉంది, నాలుగోది తెలియదు. రెండు రొమ్ముల్లోనూ ఇలాంటి చుక్కలు చెల్లాచెదురుగా ఉంటే అది బ్యాక్‌గ్రౌండే, 1 గానీ 2 గానీ చాలు.

కుడివైపు మాస్ మాత్రం 3కి సరిగ్గా సరిపోయే చిత్రం. మొదటి స్కాన్, ఓవల్, నున్నటి అంచు, సమమైన ఎన్‌హాన్స్‌మెంట్. లోపల ఎన్‌హాన్స్ కాని నల్లటి సెప్టేషన్లు (సన్నటి అడ్డగోడలు) కూడా స్పష్టంగా ఉంటే చాలామంది ఫైబ్రోఅడినోమాగా (క్యాన్సర్ కాని గడ్డ) 2 ఇచ్చేస్తారు. అయితే ఇదే మాస్ పాత ఎమ్మారైలో లేక ఇప్పుడు కొత్తగా వచ్చి ఉంటే, ఎంత అందంగా ఉన్నా 3 కాదు, 4.

ఇక 3 అన్న అంకె అర్థం గురించి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2013లో తెచ్చిన ఐదో ఎడిషన్ ప్రకారం క్యాన్సర్ అయ్యే అవకాశం సున్నాకి పైన, 2 శాతానికి మించకుండా ఉండాలి. మామోగ్రఫీలో ఈ గీత వెనక పెద్ద పెద్ద అధ్యయనాలున్నాయి. ఎమ్మారైలో ఆధారం అంత గట్టిది కాదు, చాలాచోట్ల చదివేవారి అనుభవమే నడిపిస్తుంది. అందుకే "తేల్చుకోలేకపోతున్నా, 3 ఇచ్చి చూద్దాం" అనే అలవాటు ఎమ్మారైలో ఇంకా ప్రమాదం. అనుమానం ఉంటే 4 ఇవ్వాలి. మామూలు విషయమని నమ్మకం ఉంటే 2 ఇవ్వాలి.

నాన్ మాస్ ఎన్‌హాన్స్‌మెంట్‌కి (గడ్డలా కాక పరుచుకున్న వెలుగు) 3 ఇచ్చేముందు రెండుసార్లు ఆలోచించండి. లీనియర్ (గీతలా), సెగ్మెంటల్ (ఒక నాళ శాఖ వెంట) పంపిణీ అయినా, లోపల క్లంప్డ్ (ముద్దలుగా) లేక క్లస్టర్డ్ రింగ్ (చిన్న రింగుల గుంపు) కనిపించినా నేరుగా బయాప్సీయే. డీసీఐఎస్ (పాలనాళాల లోపలే ఉన్న తొలిదశ క్యాన్సర్) ఎక్కువగా అక్కడే దాక్కుంటుంది. అది నెమ్మదిగా పాకుతుంది కాబట్టి ఆరు నెలల్లో మార్పు కనిపించకపోయినా ధైర్యం చెప్పడానికి వీల్లేదు.

కాయిల్_దగ్గర జవాబు:

ఎమ్మారై టెక్నాలజిస్ట్ వైపు నుంచి చెప్తాను. ఫాలోఅప్ చదివేటప్పుడు వచ్చే తగాదాల్లో చాలా వాటికి కారణం గడ్డ మారడం కాదు, స్కాన్ మారడం.

పాత స్కాన్ 1.5 టెస్లాలో (అయస్కాంత బలం) తీస్తే వీలైనంతవరకు అదే మెషీన్, అదే బ్రెస్ట్ కాయిల్ (రొమ్ముల నుంచి సిగ్నల్ పట్టే పరికరం). కాంట్రాస్ట్ మోతాదు కిలోకి 0.1 మిల్లీమోల్. ఇక్కడే పొరపాటు జరుగుతుంది: కాంట్రాస్ట్ మందుల్లో గాడోబ్యూట్రాల్ 1 మోలార్ ద్రావణం కాబట్టి 60 కిలోల మనిషికి 6 ఎం.ఎల్. చాలు, గాడోటెరేట్ 0.5 మోలార్ కాబట్టి అదే మనిషికి 12 ఎం.ఎల్. కావాలి. మందు మారినప్పుడు ఎం.ఎల్. అలాగే ఉంచేస్తే ఒకటి సగం డోసు, ఇంకోటి రెట్టింపు డోసు అవుతుంది. అప్పుడు కర్వ్‌లను పోల్చి లాభం లేదు. ఇంజెక్టర్ వేగం సెకనుకి 2 ఎం.ఎల్., వెనకే 20 ఎం.ఎల్. సెలైన్. స్లైస్ మందం 3 మి.మీ. మించకూడదు, ప్లేన్‌లో రిజల్యూషన్ 1 మి.మీ. లోపు ఉండాలి. పాతది 3 మి.మీ.లో తీసి కొత్తది 1 మి.మీ.లో తీస్తే అదే గడ్డ అంచులు కొత్తగా గరుకుగా కనిపించవచ్చు. ఆ మాట టెక్నిక్ కాలమ్‌లో రాయాలి, లేకపోతే చదివేవారికి తెలిసే దారి లేదు.

పొజిషన్ గురించి. రొమ్ము కాయిల్‌లోకి పూర్తిగా దిగాలి, చంక వైపు భాగం బయట మడతపడకూడదు, నిపుల్ నేరుగా కిందికి చూడాలి. కదలకుండా ఉంటుందని ప్లేట్లతో గట్టిగా నొక్కేస్తారు కొందరు. అతిగా నొక్కితే రక్తప్రసరణ తగ్గి ఎన్‌హాన్స్‌మెంటే తగ్గిపోతుంది. అప్పుడు గడ్డ చిన్నదైందని, ఒక్కోసారి మాయమైందని కూడా రిపోర్టు వస్తుంది. "కనిపించడం లేదు" అని రాసేముందు అవతలి రొమ్ములో ఎన్‌హాన్స్‌మెంట్ ఉందా, గుండె, రక్తనాళాలు వెలిగాయా అని చూడండి. కాంట్రాస్ట్ చర్మం కిందికి లీకైన సందర్భమూ ఇలాగే పట్టుబడుతుంది.

సబ్‌ట్రాక్షన్ బొమ్మ (కాంట్రాస్ట్ తర్వాతి బొమ్మ నుంచి ముందుదాన్ని తీసేసినది) ఒక్కదాన్నే నమ్మకండి. మనిషి 2 మి.మీ. కదిలినా కొవ్వు అంచుల్లో లేని తెల్లటి గీతలు పుడతాయి, ఉన్న ఫోకస్ చెరిగిపోతుంది. మూల బొమ్మలను పక్కన పెట్టుకుని చూడాలి.

అపాయింట్‌మెంట్ ఇచ్చేవారికి ఒక చీటీ చాలు: నెలసరి మొదలైన రోజున ఫోన్ చేయమనండి, అప్పుడు తేదీ ఖాయం చేయండి. ఆరు నెలల ముందే తేదీ ఇస్తే అది ఏ వారంలో పడుతుందో ఎవరికీ తెలియదు. ఫాలోఅప్ అయిదు నెలల మూడు వారాలకు జరిగినా, ఆరు నెలల రెండు వారాలకు జరిగినా ఫర్వాలేదు. సరైన వారంలో పడటమే ముఖ్యం. నెలసరి ఆగినవారికి ఈ లెక్క అక్కర్లేదు, కానీ హార్మోన్ మాత్రలు వాడుతున్నారా అన్నది ఫారంలో ఉండాలి.

సెకండ్_లుక్ జవాబు:

మీ చివరి ప్రశ్నకి నా జవాబు. ఎమ్మారైలో మాస్ కనిపించినప్పుడు టార్గెటెడ్ అల్ట్రాసౌండ్ (అదే చోట వెతికేది) తప్పక చేయాలి, అది 3 ఇవ్వడానికి ముందే జరగాలి. మాస్‌లు దొరికే అవకాశం ఎక్కువ, నాన్ మాస్, ఫోకస్‌లు దొరికే అవకాశం తక్కువ. పరిమాణం పెరిగేకొద్దీ సులువవుతుంది.

వెతకడంలో అందరూ తడబడేది ఒకటే చోట. ఎమ్మారైలో మనిషి బోర్లా, అల్ట్రాసౌండ్‌లో వెల్లకిలా. గడియారం స్థానం, నిపుల్ నుంచి దూరం కొంతవరకు నిలుస్తాయి, చర్మం నుంచి లోతు మాత్రం బాగా మారిపోతుంది. కాబట్టి లోతు కొలతను పట్టుకుని వెతకకండి. గడ్డ ఏ పొరలో ఉందో చూడండి: కొవ్వులోనా, గ్రంథిలోనా, రెండిటి సరిహద్దులోనా? పక్కన సిస్ట్ (నీటి తిత్తి) గానీ పెద్ద కొవ్వు లోబ్యూల్ గానీ ఉంటే దాన్ని గుర్తుగా పెట్టుకోండి. పరిమాణం, ఆకారం, చుట్టూ ఉన్న కణజాలం మూడూ ఎమ్మారైతో సరిపోలితేనే అదే ఇది అనాలి.

ఖాయంగా దొరికి, అక్కడా ఫైబ్రోఅడినోమాలాగే ఉంటే తర్వాతి ఫాలోఅప్ అల్ట్రాసౌండ్‌తో నడపవచ్చు, ఆమెకి కాంట్రాస్ట్ బాధ తప్పుతుంది. అల్ట్రాసౌండ్ కింద బయాప్సీ చేస్తే క్లిప్ (చోటు గుర్తుకి చిన్న లోహపు ముక్క) పెట్టండి, ఆ తర్వాత ఎమ్మారైలో క్లిప్ గడ్డలోనే ఉందో లేదో చూడండి. పక్కనున్న ఇంకేదో పొడిచి బినైన్ రిపోర్టు తెచ్చుకుని నిశ్చింతగా ఉండటం కంటే ప్రమాదం లేదు.

దొరకకపోతే దాన్ని మంచి వార్తగా తీసుకోకూడదు. అల్ట్రాసౌండ్‌లో కనిపించని గడ్డల్లోనూ క్యాన్సర్లు ఉంటాయి. ఎమ్మారై బొమ్మ 4 అంటే 4గానే ఉంటుంది, ఎమ్మారై గైడెడ్ వాక్యూమ్ బయాప్సీకి వెళ్లాలి. 3 అంటే 3గానే ఉంటుంది, ఫాలోఅప్ ఎమ్మారైతోనే జరగాలి.

బ్రెస్ట్_ఇమేజింగ్ జవాబు:

తేదీలు, కొలతల సంగతి మిగిలిపోయింది.

గడ్డను మొదట చూసిన స్కాన్ తేదీయే సున్నా. అక్కడి నుంచి 6, 12, 24 నెలలు. ఆరో నెలలో మార్పు లేకపోతే మళ్లీ 3, పన్నెండో నెలలోనూ 3, ఇరవైనాలుగో నెలలో నిలకడగా ఉంటే 2. మధ్యలో తగ్గినా, మాయమైనా అప్పుడే 2 లేక 1 ఇచ్చి ఆపేయవచ్చు, రెండేళ్లు ఆగాల్సిన పనిలేదు. ఈమెలాంటి వారికి వార్షిక ఎమ్మారై ఎలాగూ ఉంటుంది కాబట్టి నిజంగా అదనంగా పడేది ఆరో నెల స్కాన్ ఒక్కటే. వార్షిక మామోగ్రామ్ దాని దారిన అది నడుస్తుంది.

కొలిచేటప్పుడు కాంట్రాస్ట్ తర్వాతి మొదటి సీక్వెన్స్ (బొమ్మల వరుస) మీద మూడు వైపులా కొలవండి. ఆలస్యపు సీక్వెన్స్‌లో చుట్టూ బ్యాక్‌గ్రౌండ్ కలిసిపోయి గడ్డ పెద్దదిగా కనిపిస్తుంది. స్లైస్ దిశలో ఒక మి.మీ. తేడాని పట్టించుకోనక్కర్లేదు. 7 మి.మీ.ది 8 అయిందని ఒకే దిశలో వస్తే కొలత తేడా కావచ్చు. రెండు దిశల్లో పెరిగితే, అదీ ఒకే టెక్నిక్‌తో, అది పెరుగుదలే. చాలామంది మరిచేది ఒకటుంది: ఎప్పుడూ మొట్టమొదటి స్కాన్‌తో పోల్చాలి. 7, 8, 9 అని మెల్లగా పెరిగితే కిందటి దానితో పోల్చినప్పుడల్లా "మార్పు లేదు" అనే వస్తుంది.

పరిమాణం అలాగే ఉన్నా నున్నటి అంచు గరుకైతే, చుట్టూ రింగ్‌లా వెలిగితే, పర్సిస్టెంట్ కర్వ్ వాషౌట్‌గా మారితే బయాప్సీయే. కర్వ్ గురించి ఒక హెచ్చరిక. మొదటి రెండు నిమిషాల్లో వెలుగు 50 శాతం లోపు పెరిగితే స్లో, 50 నుంచి 100 మీడియం, 100 దాటితే ఫాస్ట్. ఆ తర్వాత ఇంకో 10 శాతానికి మించి పెరిగితే పర్సిస్టెంట్, 10 శాతానికి మించి పడితే వాషౌట్, మధ్యలో ప్లాటో. కానీ ఇవి ఆకారానికి లోబడే ఉండాలి. రొమ్ములోని లింఫ్ నోడ్ చక్కగా వాషౌట్ చూపిస్తుంది. కిడ్నీ ఆకారం, కొవ్వు హైలం కనిపిస్తే అది 2. గరుకు అంచున్న మాస్ పర్సిస్టెంట్ చూపించినా 4 నుంచి దిగదు.

టీ2 తెలుపు కూడా అంతే, అదొక్కటే చాలదు. మ్యూసినస్ (జిగురు నిండిన) క్యాన్సర్ టీ2లో తెల్లగా మెరుస్తుంది. మధ్యలో నెక్రోసిస్ (కణాలు చనిపోవడం) వచ్చిన ట్రిపుల్ నెగటివ్ (హార్మోన్, హెర్2 గ్రాహకాలు లేని) కణితీ అంతే.

ఆంకో_సర్జన్ జవాబు:

పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక చోట గట్టిగా చెప్పాలి. బొమ్మ 3 లాగే ఉన్నా, మనిషిని బట్టి 3 పనికిరాని సందర్భాలున్నాయి.

ఒక రొమ్ములో క్యాన్సర్ తేలి ఆపరేషన్‌కి సిద్ధమవుతున్న రోగికి, అదే రొమ్ములో గానీ అవతలి రొమ్ములో గానీ ఇంకో గడ్డకి 3 రాసి పంపితే నేను ఆపరేషన్ ఎలా ప్లాన్ చేసేది? లంపెక్టమీ (గడ్డ వరకే తీసే ఆపరేషన్) చేసి రేడియేషన్ ఇచ్చాక ఆరో నెలలో అది పెరిగిందంటే అంతా మొదటికొస్తుంది. ఆపరేషన్ తీరుని మార్చగల గడ్డ అయితే ముందే తేల్చాలి.

గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు ఇంకో వర్గం. గర్భంలో గాడోలినియం (ఎమ్మారై కాంట్రాస్ట్ మందు) వాడరు కాబట్టి ఆరో నెల ఫాలోఅప్ జరగదు. పాలిచ్చే రోజుల్లో బ్యాక్‌గ్రౌండ్ బలంగా ఉండి చదవడం కష్టం. ఈ సంగతి ముందే అడిగి, అవసరమైతే ఇప్పుడే బయాప్సీ చేయడం మేలు.

జన్యు పరీక్ష ఇంకా కాలేదన్నారు, ఫలితం వచ్చేదాకా కుడివైపు 3ని తాత్కాలికంగానే చూడండి. బీఆర్‌సీఏ1 జన్యువులో లోపం (రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచేది) ఉన్నవారి క్యాన్సర్లు ఒక్కోసారి గుండ్రంగా, నున్నటి అంచుతో, అచ్చం ఫైబ్రోఅడినోమాలా ఉంటాయి, వేగంగానూ పెరుగుతాయి. ఫలితం పాజిటివ్ అయితే అల్ట్రాసౌండ్‌లో దొరికే 7 మి.మీ. గడ్డకి కోర్ బయాప్సీ (సూదితో ముక్క తీయడం) చేయించడమే నేను కోరుకునేది. అది చిన్న పనే.

ఫాలోఅప్‌కి రాలేనివారికి, బయాప్సీయే కావాలని గట్టిగా అడిగేవారికి 3 రుద్దకండి. వచ్చేవారికి కూడా ఒక మాట స్పష్టంగా చెప్పాలి: మధ్యలో చేతికి గడ్డ తగిలినా, నిపుల్ నుంచి రక్తం వచ్చినా, చర్మం సొట్టపడినా గడువు కోసం ఆగకుండా వెంటనే రావాలి.

పీజీ_రేడియాలజీ:

అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం. రెండేళ్లలో ఇన్నిసార్లు గాడోలినియం ఇవ్వడం ఫర్వాలేదా? కాంట్రాస్ట్ లేకుండా డిఫ్యూజన్‌తో (నీటి అణువుల కదలికను చూపే ఎమ్మారై బొమ్మ) ఫాలోఅప్ చేయకూడదా? రిపోర్టు చివర ఇంప్రెషన్ ఎలా రాస్తారో కూడా ఎవరైనా చూపిస్తే బాగుంటుంది.

కాయిల్_దగ్గర జవాబు:

కొద్దిపాటి గాడోలినియం శరీరంలో మిగిలిపోతుందన్నది నిజమే, అమెరికా ఎఫ్‌డీఏ (మందుల నియంత్రణ సంస్థ) 2017 చివర్లో అన్ని గాడోలినియం మందుల మీదా ఆ హెచ్చరిక చేర్చింది. లీనియర్ (గొలుసు నిర్మాణం ఉన్న) మందులకంటే మాక్రోసైక్లిక్‌లు (ఉంగరం నిర్మాణం ఉన్నవి) తక్కువ మిగులుతాయి. గాడోబ్యూట్రాల్, గాడోటెరేట్, గాడోటెరిడాల్ ఆ కోవలోవే. ఫాలోఅప్‌లు పడే మనిషికి మొదటినుంచీ వాటిలో ఒకటే వాడండి. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల పనితీరు కొలత) 30 లోపు ఉంటే ఇచ్చేముందు డాక్టర్‌తో మాట్లాడాలి. అనవసరమైన 3లు తగ్గించడమే డోసులు తగ్గించే అసలు మార్గం.

డిఫ్యూజన్‌తో సరిపెట్టకండి. దాని రిజల్యూషన్ తక్కువ. 4 మి.మీ. ఫోకస్ అందులో కనిపించకపోవడం మామూలే, 7 మి.మీ.ది కూడా సాగిపోయి చోటు తప్పి కనిపించవచ్చు. ఏడీసీ (డిఫ్యూజన్‌లో వచ్చే కొలత) ఎక్కువగా ఉంటే ధైర్యానికి తోడు మాట అవుతుంది, అంతవరకే.

బ్రెస్ట్_ఇమేజింగ్ జవాబు:

ఈ కేసుకి నేనైతే ఇలా రాస్తాను. అంకె ఒక్కటే రాసి వదిలేస్తే తర్వాత చదివేవారికి మీరు దేన్ని చూసి నమ్మారో తెలియదు.

"కుడి రొమ్ము, 10 గంటల స్థానం, నిపుల్ నుంచి 5 సెం.మీ.: 7 × 6 × 5 మి.మీ. ఓవల్ మాస్, సర్కమ్‌స్క్రైబ్డ్, హోమోజీనియస్ ఎన్‌హాన్స్‌మెంట్, టీ2 హైపర్‌ఇంటెన్స్, పర్సిస్టెంట్. మొదటి స్కాన్. టార్గెటెడ్ అల్ట్రాసౌండ్ చేయాలి. అందులో బినైన్ లక్షణాలతో దొరికినా, దొరకకపోయినా ప్రస్తుతం బైరాడ్స్ 3. ఫాలోఅప్ 6, 12, 24 నెలలు. పెరుగుదల, అంచులో మార్పు, వాషౌట్: వీటిలో ఏది కనిపించినా బయాప్సీ. జన్యు పరీక్ష పాజిటివ్ అయితే వర్గం పునఃపరిశీలించాలి.

ఎడమ రొమ్ము, 2 గంటల స్థానం: 4 మి.మీ. ఫోకస్, టీ2లో వెలుగు లేదు. స్కాన్ నెలసరి 22వ రోజున జరిగింది, బ్యాక్‌గ్రౌండ్ మోడరేట్. 2 నుంచి 3 నెలల్లో, 7 నుంచి 14వ రోజు మధ్య మళ్లీ ఎమ్మారై. అప్పటికీ విడిగా నిలిచి ఉంటే ఎమ్మారై గైడెడ్ బయాప్సీ గురించి చర్చించాలి."

గంటల స్థానం, దూరం నేను ఊహించి పెట్టినవి, మీ కొలతలు వేసుకోండి. అల్ట్రాసౌండ్ అయ్యాక ఆ ఫలితంతో అనుబంధ రిపోర్టు ఇచ్చి వర్గం ఖాయం చేయండి. ఎడమవైపుకి రీస్కాన్ ఎలాగూ ఉంది కాబట్టి అప్పుడు కుడివైపు కూడా చూస్తారు, అయినా దాని ఆరో నెల లెక్క మొదటి స్కాన్ నుంచే. ఇక 3 ఇచ్చినవారి పేర్లు, గడువు తేదీలు ఒక రిజిస్టర్‌లో ఉండాలి. గడువు దాటి రెండు వారాలైనా రాకపోతే ఫోన్ చేసే మనిషి ఎవరో ముందే తేల్చుకోండి.